మతిమరుపు మందు కొత్తగూడెం దాకా వస్తుందా?

మా చుట్టాల వాట్సాప్ గుంపులో రెండు మూడు నెలలకోసారి ఒక వార్త తప్పకుండా తిరుగుతుంది. "అల్జైమర్స్‌కి మందు కనిపెట్టేశారు!" అని. కింద నాలుగు దణ్ణాల బొమ్మలు, రెండు చప్పట్లు. ఆ వెంటనే మా చిన్నాన్న కొడుకు నాకు ఫోన్ చేసి "ఒరేయ్, ఇది పెదనాన్నకి పనికొస్తదేమో కనుక్కో" అంటాడు. నేను చేసేది సాఫ్టువేరు ఉద్యోగమే. కాకపోతే మందుల కంపెనీలు చేసే ట్రయల్స్‌లో వచ్చిన డేటాని శాస్‌లో పట్టికలుగా పేర్చడం నా పని. దాంతో మావాళ్ళ దృష్టిలో నేను సగం డాక్టర్ని, మిగతా సగం మందుల కంపెనీ మేనేజర్ని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తే పోతుందనిపించింది. టపా కాస్త పొడుగే, ఓపిక చేసుకోండి.

మా పెదనాన్న సింగరేణిలో టింబర్‌మన్. కొత్తగూడెంలో వెంకటేశ్‌ఖని 7 ఇంక్లైన్‌లో చేసి 2009లో దిగిపోయాడు. క్వార్టరు ఖాళీ చేసి రామవరంలో ఇల్లు కట్టుకున్నాడు. నాలుగో తరగతి దాకా చదువు. ఐదారేళ్ళ కిందట పేర్లు తప్పడం మొదలైంది, తర్వాత దారులు, తర్వాత రోజులు. ఇప్పుడు ఆయన బుర్రలో గడియారం ఎక్కడ ఆగిందంటే, తెల్లవారుజామున నాలుగింటికి లేచి "మొదటి షిఫ్టుకి పోవాలె, మస్టర్ పడదు" అని చొక్కా తొడుక్కుంటాడు. తలుపు తీయకపోతే కోపం. ఎదుటనున్న పెద్దమ్మ కూడా ఒక్కోసారి ఎవరో తెలియని మనిషైపోతుంది.

ఈ జబ్బుకి తెలుగులో పేరు లేకపోవడమే మొదటి చిక్కు. పత్రికల్లో "చిత్తవైకల్యం" అని రాస్తారు. అది చదివితే పిచ్చాసుపత్రి గుర్తొస్తుంది తప్ప మా పెదనాన్న గుర్తురాడు. "మతిమరుపు" అంటేనేమో తాళంచెవులు ఎక్కడో పెట్టి వెతుక్కోవడంలా ఉంటుంది. మావైపు "చాదస్తం", "మతి తప్పింది", "చిన్నపిల్లాడైపోయిండు" అంటారు. పేరు లేని జబ్బుకి డాక్టరు దగ్గరికి ఎందుకు వెళతారు చెప్పండి? మేం మొదట చూపించిన ఒక డాక్టరుగారు (ఎవరో, ఎక్కడో అనవసరం) "వయసైపోయింది కదమ్మా" అని బి-కాంప్లెక్స్ రాసి పంపించేశారు. ఆ ఒక్క మాటతో ఏడాదిన్నర పోయింది. ఆ ఏడాదిన్నర ఎందుకంత ముఖ్యమో కిందకి పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

అసలు ఉన్న మందులేంటో ముందు చూద్దాం. అలోయిస్ అల్జైమర్ ఈ జబ్బుని వర్ణించింది 1906లో. మొదటి మందు టాక్రిన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 1993లో. అంటే 87 ఏళ్ళు. అది కూడా లివర్‌ని పాడుచేస్తుందని మూలనపడింది. 1996లో జపాన్ కంపెనీ ఐసాయ్ డొనెపెజిల్ తెచ్చింది, ఆరిసెప్ట్ అనే పేరుతో. దాన్ని తయారుచేసిన సుగిమోతో అనే రసాయన శాస్త్రవేత్త తల్లికి కూడా మతి తప్పే జబ్బేనట. తర్వాత రివాస్టిగ్మిన్, గాలంటమిన్, 2003లో మెమంటిన్. అంతే, ఆ పైన దాదాపు రెండు దశాబ్దాలు ఒక్క కొత్త మందు లేదు. ప్రయత్నించలేదని కాదు. 2002 నుంచి 2012 దాకా 244 మందులు మనుషుల మీద పరీక్షిస్తే అనుమతి దక్కింది ఒక్క మెమంటిన్‌కి. మన ప్రాజెక్టుల సక్సెస్ రేటు గురించి ఏడ్చే మేనేజర్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

డొనెపెజిల్ ఏం చేస్తుంది? జబ్బుని ఆపదు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తొందరగా కరిగిపోకుండా చూస్తుంది, అంతే. టబ్బుల్లో బొగ్గు తగ్గిపోతోంది, ఉన్నదాన్ని కింద పడిపోకుండా జాగ్రత్తగా మోసుకెళ్ళడం లాంటిది. ట్రయల్స్‌లో 70 పాయింట్ల జ్ఞాపకశక్తి పరీక్షలో తేడా రెండున్నర, మూడు పాయింట్లు. మా పెదనాన్న విషయంలో ఏమైందంటే, మొదలుపెట్టిన రెండు నెలలకి కాస్త మాటలు పెరిగాయి, అన్నం తిన్నానో లేదో అనే గొడవ తగ్గింది. కానీ రాత్రిళ్ళు కలలు. "కప్పు కూలుతుంది, బయటికి రార్రా" అని అరుస్తూ లేచేవాడు. ఆ మందు రాత్రి వేసుకుంటే కొందరికి అలాంటి కలలొస్తాయని, పొద్దున వేయమని హైదరాబాదులో న్యూరాలజిస్టు చెప్పారు. మార్చాం, కలలు తగ్గాయి. ఇంత చిన్న మాట చెప్పడానికి 280 కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి కావలసొచ్చింది చూశారా!

ధర సంగతి. మనదేశంలో 2005 దాకా మందుల మీద ప్రోడక్ట్ పేటెంట్లు లేవు, 1970 చట్టం పుణ్యమా అని. అందుకే డొనెపెజిల్ మనకి మొదట్నుంచీ చవకగానే దొరికింది. 2010 నవంబరులో అమెరికాలో పేటెంటు ముగిశాక డాక్టర్ రెడ్డీస్, అరబిందో లాంటి మన హైదరాబాదు కంపెనీలు అక్కడివాళ్ళకీ అమ్మడం మొదలుపెట్టాయి. మా పెదనాన్న మాత్రలకి నెలకి ఐదొందల లోపే అవుతుంది. అంటే డబ్బు కాదు సమస్య. కొత్తగూడెంలో చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళితే "ఇది అడిగేవాళ్ళే ఉండరు సార్, తెప్పించాలె, రెండ్రోజులు పడుతుంది" అన్నాడు. లోకంలో సగం మాత్రలు మనూళ్ళో తయారవుతాయని గొప్పలు చెప్పుకుంటాం కదా. జీడిమెట్ల నుంచి అమెరికా దాకా వెళ్ళిన మాత్ర కొత్తగూడెం దాకా రాలేదు. ఎందుకంటే రాసేవాళ్ళు లేరు కాబట్టి. రాయడానికి, జబ్బుందని చెప్పేవాళ్ళు లేరు కాబట్టి.

ఇప్పుడు వాట్సాప్ మందుల దగ్గరికొద్దాం. అల్జైమర్స్ మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డలు కడుతుంది. ఆ గడ్డల్ని కడిగేసే యాంటీబాడీలివి. 2021లో అడుకానుమాబ్ అని ఒకటొచ్చింది, ఏడాదికి 56,000 డాలర్లు. పనిచేస్తుందో లేదో తేలకుండానే అనుమతి ఇచ్చారని పెద్ద రగడై, చివరికి 2024లో కంపెనీయే దుకాణం కట్టేసింది. 2023లో లెకానెమాబ్ (ఇదీ ఐసాయ్‌దే, బయోజెన్‌తో కలిసి), 2024లో లిల్లీ కంపెనీ డొనానెమాబ్ వచ్చాయి. ఇవి అడుకానుమాబ్ లాంటివి కావు, గట్టి ట్రయల్సే జరిగాయి.

లెకానెమాబ్ ట్రయల్ పట్టికలు చూస్తే నాబోటి వాడికి ముచ్చటేస్తుంది. 1,795 మంది, 18 నెలలు. జబ్బు తీవ్రతని 0 నుంచి 18 దాకా కొలిచే స్కేలు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళు సగటున 1.66 పాయింట్లు దిగజారారు, అసలు మందు తీసుకున్నవాళ్ళు 1.21. తేడా 0.45. వార్తల్లో "27 శాతం నెమ్మదిస్తుంది" అని వచ్చింది ఇదే. రెండూ నిజమే. లెక్కల ప్రకారం అనుమానం లేకుండా పనిచేసింది. ఇంట్లోవాళ్ళకి ఆ 0.45 కంటికి కనిపిస్తుందా అనేది వేరే ప్రశ్న, దానిమీద పెద్దపెద్ద డాక్టర్లే ఇంకా కొట్టుకుంటున్నారు. నా మటుకు నాకు, ఆగని రైలుకి మొట్టమొదటిసారి బ్రేకు కాస్తైనా పట్టిందంటే అది చిన్న విషయమేం కాదు. వందేళ్ళు ఆ మాత్రం కూడా లేదు.

కానీ కొత్తగూడెం నుంచి చూస్తే?

ముందుగా మెదడులో అమిలాయిడ్ ఉందని తేలాలి. దానికి పెట్ స్కాన్, లేదా వెన్నులోంచి నీరు తీయాలి. తర్వాత ఎమ్మారై. మందు మొదలయ్యాక రెండు వారాలకోసారి ఆసుపత్రిలో సెలైన్‌లాగా ఎక్కించాలి. మొదటి ఏడు నెలల్లో ఇంకో మూడు నాలుగు ఎమ్మారైలు, ఎందుకంటే ట్రయల్‌లో నూటికి పన్నెండు మందికి పైగా మెదడులో వాపు కనిపించింది. చాలామందికి ఏ బాధా లేకుండా తగ్గిపోయింది కానీ కొందరికి ప్రాణం మీదికొచ్చింది. ఇదంతా హైదరాబాదులోనే అనుకుందాం. రానూపోనూ 560 కిలోమీటర్లు, ఏడాదికి 26 సార్లు. 14,560 కిలోమీటర్లు! మూడేళ్ళు నిండకముందే భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగినంత. అదీ, సందు చివర మలుపు తిరిగితే ఇంటిదారి మర్చిపోయే మనిషిని పట్టుకుని. (మా స్టేషనుకి భద్రాచలం రోడ్ అని పేరు. ఊరు కొత్తగూడెం, భద్రాచలం ఇంకో నలభై కిలోమీటర్లు. మామూలు మనుషులే తికమకపడతారు, ఈయన్ని ఏమని అనగలం.)

అమెరికాలో దాని ధర ఏడాదికి 26,500 డాలర్లు అని ప్రకటించారు. మన డబ్బుల్లో ఇరవై రెండు లక్షలకి పైనే. ఎంత తగ్గించి అమ్మినా సింగరేణి పెన్షనుకి అందే సంగతి కాదు.

ఇదంతా పక్కన పెట్టండి. ధర సున్నా అయినా, ఇంజెక్షను మా రామవరం సెంటర్లో వేసినా, మా పెదనాన్నకి ఆ మందు ఇవ్వరు. అది తొలిదశలో ఉన్నవాళ్ళకి మాత్రమే. ఆయన ఆ గడప ఎప్పుడో దాటేశాడు. ఇందాక చెప్పిన ఏడాదిన్నర గుర్తుందా? అదీ సంగతి. ఈ మందుల అందుబాటు ధర దగ్గర మొదలవదు, "వయసైపోయింది కదమ్మా" అనే మాట దగ్గర మొదలవుతుంది.

ఐసాయ్ మీద నాకు కోపమేమీ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఇదే కంపెనీకి విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఫ్యాక్టరీ ఉంది. బోదకాలు నివారణకి ఇచ్చే డీఈసీ మాత్రలు 220 కోట్లు ఉచితంగా ఇస్తామని ప్రపంచ ఆరోగ్య సంస్థకి మాటిచ్చి, 2013 నుంచి ఆ విశాఖ ఫ్యాక్టరీలోనే చేసి పంపించింది. బోదకాలు మన పల్లెలకి కొత్తా? అంటే ఒకే కంపెనీ ఒక మందుని పైసా లేకుండా ఊరూరికీ చేర్చగలదు, ఇంకో మందుని 26,500 డాలర్లకి అమ్మగలదు. తేడా వాళ్ళ మంచితనంలో లేదు. బోదకాలుకి గవర్నమెంట్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక ప్రోగ్రాం పెట్టాయి, ఏ ఊళ్ళో ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో రాసుకున్నాయి. మాత్ర దానివెంట వచ్చింది. మతిమరుపుకి అలాంటి ప్రోగ్రాం ఏదీ? 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మనదేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి ఈ జబ్బుంది. ఇంతమంది ఉన్నా, ఇంటింటికీ ఒక్కరే ఉన్నట్టు ఉంటారు.

మన తెలుగువాళ్ళేం చేయలేదా అంటారా? చేశారు. దాని గురించి మన ఐటీ జనాల్లో చాలామందికి తెలీదు, షేర్లు కొన్నవాళ్ళకి తప్ప :). హైదరాబాదులో సువెన్ లైఫ్ సైన్సెస్ అని ఉంది. అమెరికాలో మందుల షాపులు నడిపి తిరిగొచ్చిన జాస్తి వెంకటేశ్వర్లుగారు 1989లో పెట్టిన కంపెనీ. జెనరిక్‌లు చేసుకుంటే హాయిగా డబ్బులొచ్చే ఊళ్ళో కూర్చుని, మెదడు జబ్బులకి కొత్త మందు కనిపెడతామని ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. వాళ్ళ మందు పేరు మసుపిర్డిన్. మెదడులో 5-హెచ్‌టీ6 అనే తాళానికి అడ్డంపడే మందు. 2015లో అమెరికాలో ట్రయల్ మొదలైంది. డొనెపెజిల్, మెమంటిన్ రెండూ వేసుకుంటున్న 564 మందికి మూడోదిగా ఇది కలిపి 26 వారాలు చూశారు.

ఈ మధ్యలో అదే తాళం మీద పనిచేసే మందులు ఒక్కొక్కటీ కూలాయి. లుండ్‌బెక్ వాళ్ళ ఇడలోపిర్డిన్ పోయింది. ఆక్సోవాంట్ అనే కంపెనీ ఒక పెద్ద కంపెనీ వదిలేసిన మందుని 50 లక్షల డాలర్లకి కొని, దాన్ని చూపించి 2015లో మార్కెట్లో 31 కోట్ల డాలర్లకి పైగా లేపి, 2017 సెప్టెంబరులో చేతులెత్తేసింది. సువెన్ ఆగలేదు. 2019 నవంబరులో ఫలితం వచ్చింది: జ్ఞాపకశక్తిలో తేడా లేదు. ట్రయల్ ఫెయిల్.

అలాంటి రోజున ఆ పట్టికలు తీసే ప్రోగ్రామరు ఎలా ఉంటాడో నాకు తెలుసు. నేను సువెన్‌కి పనిచేయలేదు గానీ, బ్లైండ్ తీసేసిన రోజు పీ-వాల్యూ 0.05కి అవతల పడ్డప్పుడు గదిలో ఉండే నిశ్శబ్దం ఎక్కడైనా ఒకటే. నాలుగేళ్ళు, వందల మంది మనుషులు, వాళ్ళని ప్రతి విజిట్‌కీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన భార్యలు, కొడుకులు, అంతా కలిసి ఒక అంకె.

అయితే కథ అక్కడితో ఆగలేదు. డేటాని మళ్ళీ తిరగేస్తే, మొదట్నుంచీ ఆందోళన, కోపం, గొడవ ఎక్కువున్న రోగుల్లో ఈ మందు వాటిని తగ్గించినట్టు కనిపించింది. ఇలా అయిపోయాక వెతికి పట్టుకున్న ఫలితాలని మా వృత్తిలో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. గోడమీద బాణాలు వేసి తర్వాత వాటి చుట్టూ సున్నాలు గీసినట్టు ఉంటుంది. అది వాళ్ళకీ తెలుసు కాబట్టే ఆ ఒక్క విషయం కోసమే మూడో దశ ట్రయల్ కొత్తగా మొదలుపెట్టారు.

ఈ సంగతి పెద్దమ్మకి చెప్పాను, నాకొచ్చిన తెలుగులో. ఆవిడకి 0.45 గురించి చెప్పినప్పుడు లేని ఆసక్తి దీనికొచ్చింది. "పేర్లు మర్చిపోతే ఏందిరా, నేను చెప్తా. రోజుకి పదిసార్లడిగితే పదిసార్లు చెప్తా. ఆ నాలుగింటికి లేచి తలుపు కాడ కొట్లాట ఉంది చూడు, అది ఆగేది ఏదన్నా ఉంటే చెప్పు" అంది. నాకు ఒక్కసారి బుర్ర తిరిగింది. ట్రయల్స్‌లో మేం ముఖ్యంగా కొలిచేది రోగికి ఎన్ని పదాలు గుర్తున్నాయి అని. ఇంట్లో ఉన్న మనిషి కోరుకునేది రాత్రి నిద్ర. స్పెసిఫికేషను రాసేటప్పుడు యూజర్‌ని అడగకపోతే ఏమవుతుందో మనకి ప్రతి ప్రాజెక్టులో తెలుస్తూనే ఉంటుంది కదా, ఇక్కడా అంతే. అమెరికాలో ఈ గొడవకి 2023లో బ్రెక్స్‌పిప్రజోల్ అనే మందుకి అనుమతి వచ్చింది. కానీ ఈ జాతి మందులతో డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలు పెరుగుతాయని దాని డబ్బా మీదే హెచ్చరిక ఉంటుంది. సువెన్ మందు నెగ్గుతుందో లేదో ట్రయలే చెప్పాలి. నెగ్గితే మాత్రం మా రామవరం ఇంటికి లెకానెమాబ్ కన్నా అదే దగ్గర. మాత్ర కాబట్టి స్కాన్‌లూ సెలైన్లూ అక్కర్లేదు, తొలిదశ దాటినవాళ్ళకీ పనికొస్తుంది, పైగా హైదరాబాదులో పుట్టింది.

హైదరాబాదులో పుట్టిన మందుని ఆ 564 మంది అమెరికావాళ్ళ మీద ఎందుకు పరీక్షించారు, మనవాళ్ళ మీద ఎందుకు కాదు అని మా తమ్ముడు అడిగాడు. అక్కడి అనుమతి కావాలి కాబట్టి అనేది ఒక జవాబు. ఇంకో జవాబు మా జిల్లాలోనే ఉంది.

2009 జులైలో, అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ, మన ఐసీఎంఆర్ కలిసి చేసిన "ప్రదర్శన ప్రాజెక్టు" అది. దాదాపు 14 వేలమంది పిల్లలు. చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజనుల పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. టీకా వల్ల కాదని విచారణలో చెప్పారు, అది నిజమే కావచ్చు. టీకా కూడా మంచిదే, ప్రపంచమంతా వేస్తున్నారు. కానీ 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా చీవాట్లు పెట్టింది. ఇన్నేళ్ళయినా మావైపు "కొత్త మందు" అనగానే పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మనమీద ప్రయోగమా?" అని. ఒక మంచి టీకాని తెచ్చి, అడగకుండా వేసి, నమ్మకాన్ని ఎలా చంపొచ్చో మా ఊరు చూసింది.

డిమెన్షియా ట్రయల్‌లో ఈ చిక్కు ఇంకా పెద్దది. సంతకం పెట్టాల్సిన మనిషికి తను ఏం సంతకం పెడుతున్నాడో రేపటికి గుర్తుండదు. 2019 నిబంధనల ప్రకారం ఇంట్లోవాళ్ళు బదులు సంతకం పెట్టొచ్చు, కొత్త మందులైతే ఆ అంగీకారం తీసుకోవడాన్ని వీడియో తీయాలి. కాగితం మీద బాగుంది. అయినా భద్రాచలం అవతల కోయగూడెంలో ఒక ముసలావిడకి ఆ పత్రం ఏ భాషలో చదివి వినిపిస్తారు? కష్టమని ట్రయల్స్ చేయకుండా వదిలేయడం నాకు నచ్చదు. మనవాళ్ళ మీద పరీక్షించని మందు మనవాళ్ళకి ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలీదు. చేయాలి, సరిగ్గా చేయాలి.

భాష అంటే గుర్తొచ్చింది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, వారి బృందం చేసిన ఒక పని 2013లో ప్రపంచమంతా చదివింది. అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల్ని చూస్తే, రెండు భాషలు వచ్చినవాళ్ళకి ఒకే భాష వచ్చినవాళ్ళకన్నా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైంది. చదువురానివాళ్ళలో కూడా! అంటే ఇది బడి చదువు మహిమ కాదు. బొగ్గుబాయిలో తెలుగు, ఉర్దూ, హిందీ, కోయ అన్నీ కలిపి మాట్లాడుకుంటూ గడిపిన మా పెదనాన్నకి ఆ నాలుగేళ్ళు కలిసొచ్చాయేమో! అదే బృందం ఇక్కడి రోగులకి తగినట్టుగా జ్ఞాపకశక్తి పరీక్షల్ని తెలుగులోకి మలిచే పని కూడా చేసింది. నా దృష్టిలో అది కొత్త మందు కనిపెట్టడంతో సమానం.

ఎందుకో చెప్తాను. మా పెదనాన్నని హైదరాబాదులో పరీక్ష చేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. "మీది ఏ జిల్లా?" అన్నారు. "ఖమ్మం జిల్లా." "ఏ రాష్ట్రం?" "ఆంధ్రా." రెండూ తప్పని వేశారు. కానీ చూడండి, కొత్తగూడెం జిల్లా అయింది 2016 అక్టోబరులో, తెలంగాణ వచ్చింది 2014లో. అరవై ఏళ్ళు ఖమ్మం జిల్లా అన్న నోరు. మా పక్కింటాయన బుర్ర బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆయన కూడా ఇప్పటికీ ఖమ్మం జిల్లా అనే అంటాడు. తర్వాత "వందలోంచి ఏడు తీసేస్తూ రండి" అన్నారు. నాలుగో తరగతి మనిషి దిక్కులు చూశాడు. అదే ఎన్ని దుంగలు పెడితే ఎంత కప్పు ఆగుతుందని అడిగి ఉంటే? మంచి టూల్ లేకపోతే జబ్బు లేనివాడికి ఉందంటారు, ఉన్నవాడిని వయసైపోయిందని పంపేస్తారు. ఆ పైన ఎంత గొప్ప మందున్నా ఒకటే.

మరి ఏం చేయాలంటావు అంటారా. మా ఆఫీసులో ఒకాయన అన్నాడు, "పల్లెలకి డొనెపెజిల్, బీపీ మాత్రలు చాలు, ఈ యాంటీబాడీలు ధనవంతుల ముచ్చట" అని. సగం ఒప్పుకుంటాను. 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది: బీపీ, షుగరు, చెవుడు, కంటిపొర, తలకి దెబ్బ, గాలి కాలుష్యం లాంటి 14 కారణాలని సరిచేస్తే దాదాపు 45 శాతం కేసుల్ని ఆపడమో వాయిదా వేయడమో చేయొచ్చని. ఆ జాబితాని బొగ్గుగనుల ఊళ్ళో పెట్టి చూడండి: డ్రిల్లింగు మోత, దుమ్ము, తలమీద పడే పెళ్ళలు. మా పెదనాన్నకి రిటైరయ్యేసరికే కుడిచెవి సరిగ్గా వినిపించదు. వినికిడి యంత్రం ఎవరూ పెట్టుకోమనలేదు, ఆయనా అడగలేదు. పని మొదలుపెట్టాల్సింది అక్కడే. మా ఊళ్ళో 2022 నుంచి గవర్నమెంటు మెడికల్ కాలేజీ ఉంది. సింగరేణి ఆసుపత్రి ఎప్పట్నుంచో ఉంది. వారానికి ఒక పూట జ్ఞాపకశక్తి క్లినిక్ పెట్టి, నర్సులకి ఆ తెలుగు పరీక్ష నేర్పించి, బీ12, థైరాయిడ్ చూసి (కొందరిలో ఈ లోపాల వల్లే మతి తప్పుతుంది, మందులేస్తే బాగుపడతారు), అవసరమైతే హైదరాబాదు డాక్టరుతో వీడియోలో మాట్లాడించడానికి కొత్త సైన్సు ఏమీ అక్కర్లేదు.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను. "వాళ్ళకి ఇది చాలు" అనే మాట ఎయిడ్స్ మందుల టైములో విన్నాం. 2001లో సిప్లా ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానన్నాక, ఆ తర్వాత మన హైదరాబాదు హెటిరో, అరబిందో, మాట్రిక్స్ వాళ్ళు దిగాక, ఆ మాట అన్నవాళ్ళు మాయమైపోయారు. అయితే ఆ కథే ఇక్కడ మళ్ళీ జరుగుతుందనుకోవడం కూడా అమాయకత్వం. డొనెపెజిల్ అణువు బరువు 380 దాకా ఉంటుంది, లెకానెమాబ్‌ది దాదాపు లక్షన్నర. మొదటిది రియాక్టర్లో వండొచ్చు, రెండోది బతికున్న కణాల్లో పెంచాలి. కష్టమే కానీ అసాధ్యం కాదు. యాంటీబాడీ మందుకి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ రెడిటక్స్‌ని 2007లో డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది, హైదరాబాదు నుంచే. అంతకుముందు 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాని మామూలు జనానికి అందే ధరకి తెచ్చింది. 2025లో ఇంకో రెండు జరిగాయి. అమిలాయిడ్‌ని పట్టుకునే రక్తపరీక్షకి మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. అలాంటిది మన దాకా వస్తే పెట్ స్కాన్ కోసం పరుగెత్తకుండా రక్తం కొత్తగూడెంలోనే తీసి పంపొచ్చు. ఆగస్టులో లెకానెమాబ్‌ని, మొదటి విడత సెలైన్లు అయ్యాక, వారానికోసారి ఇంట్లోనే పొడుచుకునే ఇంజెక్షనుగా ఒప్పుకున్నారు, మన ఇన్సులిన్ పెన్నులాగా. 14,560 కిలోమీటర్లలో చాలాభాగం అక్కడే తగ్గిపోతుంది. పేటెంటు, ధర అలాగే ఉంటాయి, వాటికోసం కొట్లాడాలి. కానీ రేపు ధర తగ్గిన రోజున కొత్తగూడెంలో తొలిదశలో ఉన్నవాళ్ళెవరో మన దగ్గర లిస్టే లేకపోతే ఎవరికిస్తాం?

పోయిన నెల వెళ్ళినప్పుడు మందుల షాపతను చీటీ చూడకుండానే స్ట్రిప్పులు తీసిచ్చాడు. ఇప్పుడు స్టాకు పెడుతున్నాడట. మేం కాక రామవరం నుంచే ఇంకో ఇద్దరు, పాల్వంచ నుంచి ఒకావిడ వచ్చి కొంటున్నారట. వాళ్ళెవరో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. మా పెద్దమ్మ మాత్రం ఆ పాల్వంచావిడ ఈసారి వస్తే తన ఫోన్ నంబరు ఇవ్వమని అతనికి చెప్పి వచ్చింది.